పిచ్ నుంచి తీసిన కార్బన్ పొడితో భాగాలు తయారు చేయడం ఎలా

కార్బన్‌తో ఒక భాగం తయారు చేయాలనుకున్నవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, దానిని లోహంలాగా కరిగించి అచ్చులో పోయడం కుదరదు. సాధారణ వాతావరణ పీడనం దగ్గర కార్బన్ ద్రవంగా మారదు. 3,600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరవుతుంది. ఇనుప పొడినో రాగి పొడినో నొక్కి వేడి చేస్తే రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి అతుక్కుంటాయి. కాని పూర్తిగా కార్బన్‌గా మారిపోయిన పొడిని ఎంత నొక్కినా, మామూలు కొలిమిలో ఎంతసేపు ఉంచినా, అది పొడిగానే మిగులుతుంది. దానిని అతికించడానికి మధ్యలో మరొకటి కావాలి.

పాత పద్ధతిలో ఆ పని చేసేది బైండర్ పిచ్, అంటే తారు నుంచి తీసిన, వేడికి కరిగి జిగురులా అతికించే నల్లని పదార్థం. కాల్చిన కోక్ (పిచ్ వంటివాటిని గాలి తగలకుండా బాగా వేడి చేయగా మిగిలే గట్టి కార్బన్) పొడిని వేడి పిచ్‌తో కలిపి, అచ్చులో నొక్కి, కాలుస్తారు. కాలేటప్పుడు ఆ పిచ్ తన బరువులో 40 శాతానికి పైగా పొగగా, ఆవిరిగా కోల్పోతుంది. అది ఖాళీ చేసిన చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. వాటిని పూడ్చడానికి దిమ్మెను మళ్లీ ద్రవ పిచ్‌లో ముంచి, పీడనంతో లోపలికి ఎక్కించి, మళ్లీ కాల్చాలి. సాంద్రత చాలకపోతే ఇదంతా మరోసారి చేయాలి.

ఈ వ్యాసంలో వివరించే పద్ధతిలో విడిగా బైండర్ ఉండదు. పిచ్‌ను పూర్తిగా కోక్‌గా మారనివ్వకుండా మధ్యలోనే ఆపి, అతుక్కునే గుణం ఇంకా కొంత మిగిలి ఉన్న స్థితిలో పొడిగా తీసుకుంటాము. ప్రతి రేణువూ తన జిగురును తన ఒంట్లోనే మోసుకొస్తుంది. అలాంటి పొడిని నొక్కి, నిదానంగా కాలిస్తే రేణువుల అంచులు కొద్దిగా మెత్తబడి, ఒకదానితో ఒకటి అతుక్కుని, ఆ తర్వాత మొత్తం దిమ్మె ఒకేసారి కుంచించుకుపోయి గట్టిపడుతుంది. విద్యుత్ స్పార్క్‌తో లోహాన్ని చెక్కే యంత్రాల ఎలక్ట్రోడ్లు, పంపుల మెకానికల్ సీళ్లు, నూనె వేయడానికి వీలులేని చోట వాడే బేరింగులు, వేడిలో నొక్కే అచ్చులు వంటి సన్నని రేణువు, మంచి బలం అవసరమైన భాగాలకు ఈ దారి అనువైనది. చాలా పెద్ద దిమ్మెలకు మాత్రం పాత పద్ధతే మేలు. అందుకు కారణం కాల్చే మెట్టు దగ్గర తెలుస్తుంది.

ముందుగా జాగ్రత్తలు

పనిలోకి దిగే ముందు ఈ భాగాన్ని చదవకుండా దాటవేయవద్దని నా మనవి. బొగ్గు తారు పిచ్‌లో బెంజోపైరీన్ వంటి బహువలయ సుగంధ (ఆరోమాటిక్, అంటే కార్బన్ వలయాలున్న) హైడ్రోకార్బన్లు ఉంటాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పిచ్ ధూళి చర్మానికి అంటి, ఆ చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు మంట, ఎరుపు వస్తాయి. కాబట్టి పూర్తి చేతుల దుస్తులు, చేతి తొడుగులు, ధూళిని, సేంద్రియ ఆవిరిని రెండింటినీ ఆపే ముసుగు తప్పనిసరి. పని దుస్తులను ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. సన్నని పొడి గాలిలో మేఘంలా లేస్తే నిప్పురవ్వ తగిలి పేలగలదు గనుక, పాత్రలను, గొట్టాలను భూమికి కలిపి ఉంచాలి. కొలిమి గదిలో కార్బన్ మోనాక్సైడ్‌ను, ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టే అలారాలు రెండూ ఉండాలి. మొదటిది కాలేటప్పుడు పుట్టే విషం; రెండోదానికి కారణమయ్యే, గాలి తగలకుండా కొలిమిలోకి పంపే నైట్రోజన్‌కు వాసన ఉండదు, ఊపిరాడని సంగతి మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

ఈ పని వంటింటిలోనో పెరటిలోనో చేసేది కాదు. పొగను లాగే ఏర్పాటు, దానిని మండించి బయటికి పంపే ఏర్పాటు ఉన్న పనిశాలలోనే చేయాలి.

పొడిని అర్థం చేసుకోవడం

పిచ్ అంటే బొగ్గు తారును గాని, పెట్రోలియం శుద్ధిలో మిగిలే బరువైన నూనెలను గాని స్వేదనం చేయగా మిగిలే నల్లని, గాజులాంటి పదార్థం. దానిని గాలి తగలకుండా 400 నుంచి 450 డిగ్రీల మధ్య ఉంచితే, అందులోని సుగంధ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద బల్లపరుపు పలకలుగా పెరుగుతాయి. ఒక పరిమాణం దాటాక ఆ పలకలు దొంతరలుగా సర్దుకుని, ద్రవంలోనే ద్రవస్ఫటికపు చిన్న గోళాలుగా విడిపోతాయి. ఈ దశనే మీసోఫేజ్ అంటారు. దీనిని స్పష్టంగా వివరించినవారు ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రూక్స్, టేలర్. 1965లో ప్రచురించిన వారి పరిశీలన ఈ రంగానికంతటికీ పునాది. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో చుట్టూ ఉన్న పిచ్ ఒకే రంగులో మందకొడిగా కనిపిస్తే, ఈ గోళాలు వేదికను తిప్పేకొద్దీ రంగులు మార్చుతూ మెరుస్తాయి. ఒక్కసారి చూసినవారు ఆ దృశ్యాన్ని మరచిపోరు.

వేడి కొనసాగితే గోళాలు పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ముద్దగా మారి, చివరకు పచ్చి కోక్ అవుతాయి. మీ పొడి ఈ ప్రయాణంలో ఏ మజిలీ దగ్గర ఆగినదో తెలుసుకోవడమే మొదటి పని. గోళాలు కలిసిపోకముందే ఆపి, మిగిలిన పిచ్‌ను టోలీన్, క్వినోలిన్ వంటి ద్రావణులతోనో తారు నూనెలతోనో కడిగి వేరు చేస్తే దొరికేవి మీసోకార్బన్ సూక్ష్మగోళాలు. గోళాలన్నీ కలిసిపోయిన ముద్దను చల్లార్చి నూరితే దొరికేది మీసోఫేజ్ పొడి. ఇంకా ముందుకు వెళ్లి గట్టిపడినదాన్ని నూరితే పచ్చి కోక్ పొడి. మొదటిది ఖరీదైనదే గాని, గుండ్రని రేణువుల వల్ల అచ్చులో అన్ని దిక్కులా సమానంగా సర్దుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారు సూక్ష్మగోళాలతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అయితే బ్యాటరీల కోసం ముందే గ్రాఫైట్‌గా మార్చి అమ్మే గోళాలు ఈ పనికి రావు. వాటిలో జిగురు ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. కొనేటప్పుడు కాల్చని రకమేనా అని విచారించాలి.

మెట్టు 1: జిగురు ఎంత ఉందో చూడడం

రేణువులో జిగురు పని చేసే అంశాన్ని బీటా రెసిన్ అంటారు. టోలీన్‌లో కరగకుండా, క్వినోలిన్‌లో కరిగే భాగమే అది. టోలీన్‌లో కరగని శాతం నుంచి క్వినోలిన్‌లో కరగని శాతాన్ని తీసివేస్తే దాని పరిమాణం తెలుస్తుంది. టోలీన్‌లో సైతం కరిగిపోయే తేలికపాటి భాగం ఎక్కువగా మిగిలి ఉంటే అది అతికించడం కన్నా ఆవిరై ఉబ్బించడమే ఎక్కువగా చేస్తుంది.

ద్రావణుల పరీక్షకు వీలు లేనివారు ఆవిరయ్యే పదార్థం శాతాన్ని కొలవవచ్చు. మూత బిగుతుగా ఉన్న మూసలో ఒక గ్రాము పొడిని వేసి, 900 డిగ్రీల కొలిమిలో 7 నిమిషాలు ఉంచి, చల్లారాక తూచి, తగ్గిన బరువును లెక్కించాలి. తేమను ముందే ఆరబెట్టి తీసివేయడం మరువకూడదు. ఈ తగ్గుదల సుమారు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే పొడి ఆశాజనకమని అనుకోవచ్చు. అయితే ఈ అంకెను తుది తీర్పుగా తీసుకోవద్దు. ఒకే శాతం చూపిన రెండు పొడుల్లో ఒకటి చక్కగా అతుక్కుని, మరొకటి ఉబ్బిపోవడం సహజమే. ఎందుకంటే ఈ పరీక్ష ఎంత ఆవిరయిందో చెబుతుంది గాని, ఆవిరయ్యే ముందు అది మెత్తబడి అతికించిందో లేదో చెప్పదు.

అందువల్ల నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది బిళ్ల పరీక్షను. రెండు గ్రాముల పొడిని చిన్న అచ్చులో నొక్కి, పలుచని బిళ్ల చేసి, నైట్రోజన్‌లో నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 1,000 డిగ్రీల దాకా కాల్చాలి. బిళ్ల అంచులు గుండ్రబడి, పైభాగం మెరుస్తూ, లోపల బుడగలు కనిపిస్తే జిగురు ఎక్కువైనట్టు. వేలితో రాస్తే పొడి రాలుతూ, కొలత దాదాపు మారకుండా ఉంటే జిగురు చాలనట్టు. బిళ్ల తన ఆకారాన్ని నిలుపుకుంటూనే అన్ని వైపులా సమానంగా చిన్నదై, రాతి మీద వేస్తే పింగాణీలా ఖంగుమంటే పొడి సరైనది.

మెట్టు 2: గాలితో పదును పెట్టడం

జిగురు ఎక్కువైన పొడిని పారవేయనక్కరలేదు. గాలిలో తక్కువ వేడి మీద ఉంచితే ఆక్సిజన్ పొడిలోని అణువులను అడ్డంగా ముడివేసి, వాటి కరిగే గుణాన్ని తగ్గిస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పొడిని కొద్ది మిల్లీమీటర్ల మందాన పరిచి, గాలి ఆడే ఓవెన్‌లో నిమిషానికి ఒక డిగ్రీకి మించకుండా 200 నుంచి 250 డిగ్రీలకు చేర్చి, గంటో రెండు గంటలో ఉంచాలి. ఉష్ణోగ్రత ఎప్పుడూ పొడి మెత్తబడే స్థానానికి దిగువనే ఉండాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది గనుక పొడిని మందంగా పోస్తే లోపలి భాగం దానంతటదే రాజుకుని కాలిపోగలదు. పలుచగా పరచమనడానికి కారణం అదే.

ఈ దశలో పొడి బరువు మొదట పెరుగుతుంది, ఎందుకంటే ఆక్సిజన్ దానిలో చేరుతుంది. ఆ పెరుగుదలను ప్రతి అరగంటకూ తూచి రాసుకుంటూ, కొద్దికొద్దిగా తీసి బిళ్ల పరీక్ష చేస్తూ పోతే మీ పొడికి తగిన సమయం దొరుకుతుంది. అతి చేయడం సులభం, వెనక్కి రావడం అసాధ్యం. ఆక్సిజన్ ఎక్కువ చేరిన రేణువు మళ్లీ మెత్తబడదు, ఎంత నొక్కినా అతుక్కోదు. కాబట్టి చాలదనిపించిన దగ్గర ఆపి, అవసరమైతే మరో విడత పెట్టడమే క్షేమం.

ఇదే కారణం వల్ల నిల్వలో కూడా పొడి మారుతూ ఉంటుంది. మూత తీసి వదిలిన డబ్బాలోని పొడి నెలలు గడిచేకొద్దీ గాలిని పీల్చుకుని తన జిగురును కొంత పోగొట్టుకుంటుంది.

మెట్టు 3: నూరడం, జల్లించడం

సగటు రేణువు 5 నుంచి 15 మైక్రాన్ల మధ్య ఉండేలా నూరుకోవాలి. సూక్ష్మగోళాలైతే ఇప్పటికే ఆ కొలతలో ఉంటాయి, ముద్దలు విడగొట్టడం చాలు. రేణువు సన్నబడేకొద్దీ తయారైన భాగంలో పెద్ద లోపాలు తగ్గి బలం పెరుగుతుంది. అదే సమయంలో రేణువుల మధ్య సందులు ఇరుకై, కాలేటప్పుడు వాయువులు బయటపడడం కష్టమవుతుంది. పలుచని భాగాలకు సన్నని పొడి, మందపాటి భాగాలకు కొంచెం ముతక పొడి అనే నియమం అక్కడి నుంచే వచ్చింది. ఒకటి రెండు పెద్ద రేణువులు మిగిలినా విరగడం అక్కడే మొదలవుతుంది కాబట్టి, చివరగా 45 మైక్రాన్ల జల్లెడ గుండా పంపి, పైన మిగిలినదాన్ని తిరిగి నూరడం అలవాటు చేసుకోవాలి.

నూరేటప్పుడు మర వేడెక్కకుండా చూడాలి; జిగురు ఉన్న పొడి వేడికి గోడలకు అట్టకడుతుంది. తయారైన భాగంలో రాపిడి తగ్గాలంటే కాల్చిన గ్రాఫైట్ పొడిని కొద్ది శాతం కలపవచ్చు. అది కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తుంది, బలాన్ని కూడా తగ్గిస్తుంది.

మెట్టు 4: నొక్కడం

గట్టిపరచిన ఉక్కు అచ్చును శుభ్రంగా తుడిచి, గోడలకు స్టియరిక్ ఆమ్లపు పలుచని పూత పూసి, పొడిని సమంగా నింపి, పైభాగాన్ని చదును చేయాలి. పీడనం 100 మెగాపాస్కల్ చుట్టుపక్కల సరిపోతుంది. పొడి రేణువుల మధ్య చాలా గాలి ఉంటుంది, దానికి బయటికి వెళ్లే వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా నొక్కితే ఆ గాలి లోపలే చిక్కుకుని, ఒత్తిడి తీసిన వెంటనే వ్యాకోచించి, దిమ్మెను పొరలుపొరలుగా చీల్చుతుంది. అందుకని మొదట కొద్దిగా నొక్కి, వదిలి, మళ్లీ నెమ్మదిగా పూర్తి పీడనానికి వెళ్లి, ఒకటి రెండు నిమిషాలు నిలిపి, అంతే నెమ్మదిగా తగ్గించాలి.

ఒకవైపు నుంచి మాత్రమే నొక్కితే, నొక్కే కడ్డీ అయిన పంచ్‌కు దగ్గరి భాగం గట్టిగా, దూరపు భాగం వదులుగా తయారవుతుంది. ఆ తేడా పచ్చిగా ఉన్నప్పుడు కంటికి కనపడదు. కాల్చాక వదులుగా ఉన్న వైపు ఎక్కువ కుంచించుకుని, స్తంభంలా ఉండవలసిన భాగం శంకువులా బయటికి వస్తుంది. ఎత్తు వెడల్పును మించకుండా చూడడం, రెండు వైపుల నుంచి నొక్కడం దీనికి విరుగుడు. పొడవైన భాగాలకు రబ్బరు సంచిలో పొడిని నింపి, గాలి తీసి, ద్రవంలో ముంచి అన్ని వైపుల నుంచి 100 నుంచి 200 మెగాపాస్కల్‌తో నొక్కే ఐసోస్టాటిక్ ప్రెస్ అన్ని విధాలా ఉత్తమం.

పీడనం పెంచేకొద్దీ మంచిదనుకోవడం చాలామంది పడే పొరపాటు. అతిగా నొక్కిన దిమ్మెలో రంధ్రాలు మూసుకుపోయి, ముందు ముందు పుట్టబోయే వాయువులకు దారి ఉండదు. పచ్చి దిమ్మె సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాముల దగ్గర ఉంటే చాలు. మిగిలినదంతా కుంచించుకుపోవడమే సమకూర్చుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే అచ్చు కొలతలన్నీ దీని మీదే ఆధారపడతాయి. పచ్చి సాంద్రత 1.20 అనుకుందాము. కాల్చినప్పుడు బరువులో 10 శాతం పోయి, ప్రతి కొలతా 12 శాతం తగ్గిందనుకుంటే, ఘనపరిమాణం 0.88ను మూడుసార్లు గుణించినంత, అంటే సుమారు 0.68 వంతుకు చేరుతుంది. 1.20ను 0.90తో గుణించి 0.68తో భాగిస్తే దాదాపు 1.59 వస్తుంది. బరువు తగ్గుతున్నా సాంద్రత పెరగడంలోని రహస్యం ఇంతే. అదే విధంగా కాల్చాక 50 మిల్లీమీటర్ల వ్యాసం కావాలంటే 50ని 0.88తో భాగించాలి, అచ్చు 56.8 మిల్లీమీటర్లు ఉండాలి. 50కి 12 శాతం కలిపి 56 అని లెక్కించేవారు ఎప్పుడూ చిన్న భాగంతో మిగులుతారు. మీ పొడి ఎంత కుంచించుకుంటుందో ఇతరుల అంకెల నుంచి తీసుకోకుండా, మీ సొంత బిళ్లల నుంచే కొలిచి తీసుకోవాలి.

మెట్టు 5: కాల్చడం

భాగం నిలిచేదీ పగిలేదీ ఈ మెట్టులోనే. తొందరపడి నేను పోగొట్టుకున్న దిమ్మెలు దాదాపు అన్నీ ఒకే ఉష్ణోగ్రతా పరిధిలో పోయాయి, అది 350 నుంచి 600 డిగ్రీలు. పాత పద్ధతిలో ముతక కోక్ రేణువులు ఎముకల గూడులా నిలబడతాయి, వాయువులు వాటి మధ్య నుంచి వెళ్లిపోతాయి. ఇక్కడ అలాంటి గూడు లేదు. మొత్తం దిమ్మె మెత్తబడుతుంది, మొత్తం దిమ్మె నుంచి వాయువులు పుడతాయి, మొత్తం దిమ్మె కుంచించుకుపోతుంది. మూడూ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి.

పచ్చి దిమ్మెలను ఉక్కు పెట్టెలోనో పింగాణీ పెట్టెలోనో పెట్టి, చుట్టూ కాల్చిన కోక్ పొడితో కప్పాలి. ఆ పొడి మూడు పనులు చేస్తుంది: దిమ్మెకు ఆనుడుగా నిలుస్తుంది, వేడిని సమంగా పంచుతుంది, పొరపాటున చొరబడిన ఆక్సిజన్‌ను తానే ముందు కాలి హరిస్తుంది. అయితే దిమ్మె కుంచించుకోవడానికి అది అడ్డుపడకూడదు గనుక గట్టిగా దట్టించవద్దు. పెట్టె గుండా నైట్రోజన్ నిదానంగా పారుతుండాలి. ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ కొన కొలిమి గోడ దగ్గర కాదు, దిమ్మె పక్కన ఉండాలి. కోక్ పొడి వేడిని నెమ్మదిగా పంపుతుంది కాబట్టి ఆ రెండింటికీ చాలా డిగ్రీల తేడా ఉండవచ్చు.

గది ఉష్ణోగ్రత నుంచి 300 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వెళ్లవచ్చు. ఆ తర్వాత నెమ్మదించి, 350 నుంచి 600 దాకా గంటకు 6 నుంచి 10 డిగ్రీలకు మించకూడదు. 350 దాటాక తారు ఆవిరి బయలుదేరుతుంది. అదే సమయంలో రేణువుల పైపొర మెత్తబడి పక్కవాటిని పట్టుకుంటుంది. 500 దాటేసరికి దిమ్మె ద్రవగుణాన్ని కోల్పోయి గట్టిపడుతుంది. అప్పటికి లోపల చిక్కుకున్న వాయువు ఉంటే దిమ్మె దానిని మెత్తగా సాగి భరించలేదు, పగులుతుంది. 600 నుంచి 1,000 దాకా మీథేన్ తగ్గి, ఎక్కువగా హైడ్రోజన్ వెలువడుతుంది, కుంచించుకుపోవడం కొనసాగుతుంది. ఇక్కడ గంటకు 20 నుంచి 30 డిగ్రీలు ఫరవాలేదు. 1,000 దగ్గర రెండు గంటలు నిలిపి కొలిమిని ఆపాలి.

ఈ వేగాలు 10 మిల్లీమీటర్ల లోపు మందానికి వర్తిస్తాయి. వాయువు లోపలి నుంచి పైకి చేరడానికి పట్టే కాలం మందంతో పాటు కాక, మందపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 6 డిగ్రీల చొప్పున 350 నుంచి 600 చేరడానికి సుమారు 42 గంటలు పడుతుంది. మందం రెట్టింపు చేస్తే అదే దూరానికి నాలుగింతలు, అంటే ఏడు రోజులు కావాలి. మూడింతలు చేస్తే రెండు వారాలు దాటుతుంది. ఈ పద్ధతి పెద్ద దిమ్మెలకు సరిపడదని మొదట చెప్పినది ఇందుకే. మందపాటి ఆకారం తప్పనప్పుడు, మధ్యలో రంధ్రం ఉన్న ఆకారంగా రూపకల్పన మార్చగలరేమో చూడాలి. దిమ్మెకు గోడ మందం ఎంతో అదే లెక్క, మొత్తం పరిమాణం కాదు.

వెలుపలికి వెళ్లే గొట్టం గురించి ఒక మాట. తారు ఆవిరి చల్లని గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తే పెట్టెలో పీడనం పెరుగుతుంది, అది చాలా ప్రమాదం. ఆ గొట్టాన్ని వేడిగా ఉంచి, తారును ఒక పాత్రలో పట్టి, మిగిలిన వాయువులను మంటలో కాల్చి వదలాలి. ప్రతి విడత తర్వాత గొట్టాన్ని విప్పి శుభ్రం చేయడం పనిలో భాగమే.

కొలిమి చల్లారేటప్పుడు కూడా నైట్రోజన్ ఆపవద్దు. కార్బన్ గాలిలో 400 డిగ్రీలు దాటితే కాలడం మొదలుపెడుతుంది. 200 డిగ్రీల కిందికి దిగేదాకా మూత తీయకపోతే ఆ చింత ఉండదు.

పెట్టె తెరిచాక కనిపించే లోపాలు తమ కారణాన్ని తామే చెబుతాయి. నొక్కిన దిశకు అడ్డంగా, పుస్తకపు పుటల్లా విడిపోతే తప్పు ప్రెస్ దగ్గర జరిగింది, కొలిమిని నిందించవద్దు. మధ్య నుంచి అంచులకు నక్షత్రంలా పగుళ్లు పాకితే వేగం ఎక్కువైంది. పొట్ట ఉబ్బితే జిగురు ఎక్కువైంది, మెట్టు 2కు తిరిగి వెళ్లాలి. పైపొర బూడిద రంగుకు తిరిగి గరుకుగా, వేలికి మసి అంటేలా ఉంటే గాలి చొరబడింది. ఒకవైపుకు వంగితే పచ్చి సాంద్రత సమంగా లేదు, లేదా కొలిమిలో ఒకవైపే వేడి ఎక్కువైంది.

మెట్టు 6: గ్రాఫైట్‌గా మార్చాలా వద్దా

1,000 డిగ్రీలకు కాల్చిన భాగం గట్టి కార్బన్. అరుగుదలను బాగా తట్టుకుంటుంది, అందుకే సీళ్లకు, బేరింగులకు చాలాసార్లు ఆ స్థితే సరిపోతుంది. విద్యుత్తు, వేడి బాగా ప్రసరించాలన్నా, సులభంగా చెక్కాలన్నా మాత్రం 2,500 డిగ్రీలు దాటించి గ్రాఫైట్‌గా మార్చాలి. ఎడ్వర్డ్ అచిసన్ తన విద్యుత్ కొలిమితో గ్రాఫైట్ తయారు చేసే విధానానికి 1896లో పేటెంట్ పొందారు. ఆయన పేరు మీదే పిలిచే కొలిములు నేటికీ ఆ పని చేస్తున్నాయి.

అన్ని కార్బన్లూ గ్రాఫైట్‌గా మారవు. కొన్ని ఎంత వేడికైనా గజిబిజి నిర్మాణాన్నే పట్టుకుని ఉంటాయని, కొన్ని సులభంగా వరుసల్లో సర్దుకుంటాయని 1951లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రేలతో తేల్చారు. మీసోఫేజ్‌లో పలకలు ద్రవంగా ఉన్నప్పుడే దొంతరలుగా సర్దుకున్నాయి గనుక మన పొడి రెండో కోవలోకి వస్తుంది. పొరల మధ్య దూరం 0.344 నానోమీటర్ల నుంచి తగ్గుతూ, పరిపూర్ణ గ్రాఫైట్ దూరమైన 0.3354 వైపు జరుగుతుంది. గాలిలో మరీ ఎక్కువసేపు పదును పెట్టిన పొడి మాత్రం ఈ గుణాన్ని కొంత కోల్పోతుంది. అక్కడ చేసిన అతి ఇక్కడ బయటపడుతుంది.

ఇంత వేడిని ఇచ్చే కొలిములు కొద్దిమంది వద్దే ఉంటాయి కాబట్టి, చాలామంది కాల్చిన భాగాలను అద్దె కొలిమికి పంపిస్తారు. పంపేటప్పుడు రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. పై ఉష్ణోగ్రతల్లో నైట్రోజన్ కార్బన్‌తో కలిసి విషవాయువులను ఇవ్వగలదు కనుక అక్కడ ఆర్గాన్ వాడుతున్నారా అన్నది ఒకటి. 1,500 డిగ్రీలు దాటాక పిచ్‌లోని గంధకం వాయువుగా వెలువడి భాగాన్ని ఉబ్బించి పగలగొట్టగలదు కనుక, ఆ పరిధిలో వేడిని నెమ్మదిగా పెంచుతున్నారా అన్నది రెండోది. గంధకం తక్కువ ఉన్న పిచ్‌ను ఎంచుకోవడం అన్నిటికన్నా మంచి ఉపాయం. ఈ దశలో కొలతలు మరికొన్ని శాతాలు తగ్గి, సాంద్రత 1.7 దాటుతుంది. పరిపూర్ణ గ్రాఫైట్ సాంద్రత 2.26, మిగిలిన తేడా అంతా రంధ్రాలే.

మెట్టు 7: చెక్కడం, పరీక్షించడం

తుది కొలతల కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంచి, చివరగా చెక్కి సరిచేయాలి. గ్రాఫైట్ కార్బైడ్ పనిముట్లకు లొంగుతుంది. కాల్చిన కార్బన్‌కు వజ్రపు పనిముట్లు కావాలి. నూనె గాని నీరు గాని వాడకుండా పొడిగానే చెక్కుతూ, ధూళిని పనిముట్టు దగ్గరే పీల్చివేయాలి. ఆ ధూళి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. యంత్రపు కంట్రోల్ ప్యానెల్‌లోకి చేరితే షార్ట్ సర్క్యూట్ చేస్తుంది. అంచు దాటే చోట పనిముట్టు బయటికి వెళ్తే మూల విరుగుతుంది, కాబట్టి ఎప్పుడూ అంచు నుంచి లోపలికే కోత సాగాలి.

ప్రతి భాగాన్నీ మొదట సన్నని కర్రతో తట్టి వినాలి. స్పష్టంగా మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. తర్వాత సాంద్రత కొలవాలి. భాగాన్ని పొడిగా తూచి, నీటిలో మరిగించి రంధ్రాలు నిండాక నీటిలో వేలాడదీసి తూచి, బయటికి తీసి తడి తుడిచి మళ్లీ తూచాలి. ఈ మూడు బరువుల నుంచి సాంద్రత, బయటికి తెరుచుకున్న రంధ్రాల శాతం రెండూ తెలుస్తాయి. నాలుగు కొనల పద్ధతిలో విద్యుత్ నిరోధకతను కొలిస్తే గ్రాఫైట్‌గా మారడం ఎంతవరకు జరిగిందో అంచనా దొరుకుతుంది, మారేకొద్దీ అది బాగా తగ్గుతుంది. బలం కోసం అదే విడతలో కాల్చిన పట్టీలను మూడు బిందువుల మీద వంచి విరిచి చూడాలి. ఒక్క పట్టీ చెప్పేది నమ్మరాదు, కనీసం ఐదింటి సగటును, వాటిలో అన్నిటికన్నా బలహీనమైనదాన్ని కూడా రాసుకోవాలి.

పొడి కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ అందులో నుంచి ఒక బిళ్ల నొక్కి, మీకు అలవాటైన వేగంతోనే కాల్చి, బిళ్ల వ్యాసంలో తగ్గుదలను, బరువులో తగ్గుదలను తేదీతో సహా దాని మీదే గీసి భద్రపరచాలి. మిగిలిన పొడిని నైట్రోజన్ నింపిన గట్టి మూత డబ్బాలో ఉంచి, మూడు నెలలు దాటితే మరో బిళ్ల కాల్చి చూడకుండా అచ్చులో పోయకూడదు.